పార్టీ ఒక్కటైతే బిల్లూ ఒక్కటేనా?

మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో లెక్కలు రాసే ప్రతివాడూ రోజుకు ఒక్కసారైనా వినే మాట ఇది: "పార్టీ ఒక్కటే గదా, ఒక్క బిల్లు కొట్టెయ్."

కొనే సేటుకు హుజూర్‌నగర్‌లో ఒక దుకాణం, కోదాడలో ఒకటి, సూర్యాపేటలో ఇంకొకటి ఉంటాయి. ఫోను చేసేది ఒక్కడే, పైసలు పంపేది ఒక్కడే. లారీ కూడా ఒక్కటే. నేరేడుచర్ల మీదుగా పోయి, మూడు చోట్లా దింపి వస్తుంది. మూడు బిల్లులెందుకని అడుగుతారు. నెలలో పోయిన లారీలన్నిటికీ కలిపి నెలాఖరున ఒకటే కొట్టమనేవాళ్లు కూడా ఉన్నారు.

ఈ మాట అనేవాళ్లను నేను తక్కువ చేయను. గింజ పంటికింద వేసుకుని తేమ ఎంతుందో చెప్పగల మనుషులు వాళ్లు. వాళ్ల దగ్గరే ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లు చెప్పేది తప్పు. ఆ తప్పు ఖరీదు ఎవరెవరు కట్టారో నా కళ్లతో చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

ఒక రోజు అలాంటి ఒక సేటుకు లారీలో 200 బస్తాలు ఎక్కించాం. ఒక్కోటి 50 కిలోలు. హుజూర్‌నగర్‌కు 60, కోదాడకు 80, సూర్యాపేటకు 60. క్వింటాలు 4,600 రూపాయల లెక్కన మొత్తం 4,60,000. బిల్లు కొట్టింది నేనే. డెలివరీ చిరునామా గడిలో మూడు ఊళ్ల పేర్లూ వరసగా రాసి, పరిమాణం దగ్గర 200 వేశాను. ఏ ఊళ్లో ఎన్ని దింపాలో ఒక చిన్న చీటీ మీద పెన్నుతో రాసి డ్రైవర్‌కిచ్చాను. అతను దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సాయంత్రం తిరిగొచ్చిన కాగితాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. బిల్లుకు మూడు కాపీలుంటాయి. ఒరిజినల్ కొన్నవాడికి, రెండోది రవాణా చేసేవాడికి, మూడోది మనకు. ఒరిజినల్‌ను హుజూర్‌నగర్‌లోనే తీసి పెట్టుకున్నారు. మిగతా రెండు చోట్లా డ్రైవర్ కాపీ మీదే ముద్రలు కొట్టారు. కోదాడ గుమస్తా ముద్ర పక్కన పెన్సిల్‌తో "77" అని రాశాడు. సూర్యాపేట వాళ్ల నీలం ముద్ర సరిగ్గా ఆ అంకె మీదే పడింది. చీటీ చెమటకు తడిసి, కోదాడ పక్కన నేను రాసింది 80యో 60యో తేలకుండా అలుక్కుపోయింది. మూడు బస్తాలు తక్కువ. ఎక్కడ తక్కువ పడ్డాయి? మిల్లులోనా, దారిలోనా, దుకాణంలోనా? బిల్లు చూస్తే 200 అని ఒకటే మాట చెబుతుంది.

మూడు బస్తాల విలువ 6,900. దానికోసం 4,60,000 మొత్తం ఆగిపోయింది. "లెక్క తేలనియ్యి, ఒక్కసారే ఇస్తా" అన్నాడు సేటు. బిల్లు ఒక్కటే కాబట్టి ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి మాకు చోటు లేదు. సగం బిల్లుకు పైసలు ఏ లెక్కన అడగాలి? 52 రోజుల తర్వాత మిల్లు యజమాని విసిగిపోయి ఆ 6,900 వదులుకున్నాడు. వదులుకున్నది తన జేబులోంచి కాదు, లారీ కిరాయిలోంచి. డ్రైవర్‌కు ఆ ట్రిప్పు మీద మిగిలింది డీజిల్‌కు కూడా చాలలేదు. ఇంకో నెలకు హుజూర్‌నగర్ దుకాణంలో సరుకు లెక్క పెడితే మూడు బస్తాలు ఎక్కువ తేలాయి. అక్కడి కుర్రాడు వరసలు లెక్కపెట్టాడు గానీ బస్తాలు లెక్కపెట్టలేదు. 60 రావాలని అతనికి చూపించే కాగితం ఏదీ అతని చేతిలో లేదు. ఉన్నదల్లా 200 అని రాసిన బిల్లు. డ్రైవర్‌కు పైసలు తిరిగిచ్చాం గానీ అతను మళ్లీ మా మిల్లు గేటు తొక్కలేదు.

"ఇది లెక్క పెట్టేవాడి తప్పు, బిల్లుదేం తప్పు?" అంటారు. లెక్క తప్పడం మనుషులున్నంత కాలం ఉంటుంది. తప్పిన లెక్క ఎక్కడ తప్పిందో చూపించడానికే కదా కాగితం. ఆ పని చేయలేని కాగితాన్ని బిల్లనడమే నాకు అభ్యంతరం.

మన పాత గుమస్తాలకు ఈ తేడా బాగా తెలుసు. వాళ్లకు చిట్టా వేరు, ఆవర్జా వేరు. చిట్టాలో ఏ రోజుది ఆ రోజే, ఏ సరుకు ఎటు పోయిందో అదే వరసలో ఎక్కేది. ఆవర్జాలో మనిషి పేరు మీద ఒక పుట ఉండేది. చిట్టాలో చెదిరి ఉన్నదంతా అక్కడికొచ్చి ఒక్కటయ్యేది. పార్టీ ఒక్కటే అన్నది ఆవర్జా మాట. దాన్ని తీసుకొచ్చి చిట్టాలో పెడుతున్నారు ఇప్పుడు. సేటుకు ఒకే లెక్క కావాలంటే నెలాఖరున ఆయన ఖాతా తీసి స్టేట్‌మెంట్ ఇవ్వండి. ఏ తేదీన ఏ ఊరికి ఏ బిల్లు, ఎంత, మొత్తం ఎంత అని ఒక్క కాగితం మీద ఉంటుంది. ఆయనకు కావలసిన ఒక్కటితనం పూర్తిగా అక్కడే దొరుకుతుంది. చెక్కూ ఒక్కటే ఇవ్వొచ్చు. బిల్లులు కలపకుండానే ఇదంతా జరుగుతుంది.

ఇక చట్టం మాట. ఒకే బిల్లు వాదులు దీన్ని ధీమాగా ముందు పెడతారు. ఒక రాష్ట్రంలో ఎన్ని దుకాణాలున్నా జీఎస్‌టీ నంబరు ఒక్కటే చాలు, మిగతావి అదనపు వ్యాపార స్థలాలుగా ఎక్కించుకుంటే సరిపోతుంది అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట మూడూ ఆ సేటుకు ఒకే నంబరు కింద ఉండొచ్చు, పన్ను లెక్కలో తేడా రాదు. కానీ అదే చట్టం సెక్షన్ 31లో, సరుకు పంపేటప్పుడు గేటు దాటకముందే లేదా దాటేవేళ బిల్లు ఉండాలంటుంది. నెలంతా పంపి నెలాఖరున కొట్టే బిల్లు ఆ మాటకు నిలవదు. బిల్లులో ఏమేం ఉండాలో చెప్పే నియమం 46 డెలివరీ చిరునామా అడుగుతుంది. ఏడాదికి 5 కోట్లు దాటిన వ్యాపారం 2023 ఆగస్టు 1 నుంచి పన్ను బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ చేయాలి గదా, ఆ నమూనాలో "షిప్ టు" గడి ఒక్కటే ఉంటుంది. మూడు ఊళ్ల పేర్లు పట్టే చోటు అందులో లేదు. ఈ-వే బిల్లు కూడా అంతే, సరుకు చేరే చోటు ఒక్కటే అడుగుతుంది.

ఇంకొంచెం చదువుకున్నవాళ్లు "నిరంతర సరఫరా" అనే మాట తెస్తారు. ఒప్పందం రాసుకుని, క్రమం తప్పకుండా సరుకు పంపుతూ, వాయిదాల ప్రకారం లెక్క చూసుకునే వ్యాపారానికి చట్టం అలాంటి వెసులుబాటు ఇచ్చిన మాట వాస్తవం. కానీ మన బియ్యం అమ్మకం అలా జరుగుతుందా? ఒప్పందం ఎక్కడుంది? పొద్దున ఫోను, మధ్యాహ్నం లోడు. సోమవారం ఒక ధర, గురువారం ఇంకో ధర. పాత బియ్యానికొక రేటు, కొత్త బియ్యానికొక రేటు. లోడు లోడుకూ బేరం మారే చోట నిరంతర సరఫరా అనడం చట్టంలోని మాటను అరువు తెచ్చుకోవడమే.

కోదాడ దాటితే ఈ వాదం పూర్తిగా కూలిపోతుంది. రామాపురం క్రాస్‌రోడ్డు అవతల ఆంధ్రప్రదేశ్. ఆ సేటుకే జగ్గయ్యపేటలో నాలుగో దుకాణం ఉందనుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో అందరి వ్యాట్ నంబర్లూ 28తో మొదలయ్యేవి. 2014 జూన్ 2 తర్వాత తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 వచ్చాయి. జీఎస్‌టీ నంబర్లలో మొదటి రెండు అంకెలూ ఇవే. పాన్ కార్డు ఒకటే, మనిషి ఒకడే, సంతకం ఒకటే. అయినా సెక్షన్ 25 ప్రకారం 36 సేటు, 37 సేటు చట్టం కళ్లకు వేర్వేరు మనుషులు. 25 కిలోల లేబుల్ బస్తాలు జగ్గయ్యపేట సేటుకే అమ్మితే 5 శాతం ఐజీఎస్‌టీ. కోదాడలో దింపితే రెండున్నర కేంద్రానికి, రెండున్నర రాష్ట్రానికి. ఒక బిల్లు మీద ఈ రెండూ కలపడం కుదరదు. "పార్టీ ఒక్కటే" అన్న మాట నమ్మి ఆ సరుకుకు రాష్ట్ర పన్ను కట్టినవాడు, ఆ తర్వాత ఐజీఎస్‌టీ మళ్లీ కట్టుకుని, ముందు కట్టినదానికి వాపసు అర్జీ పెట్టుకోవాలి. వడ్డీ వేయరన్న మాటే గానీ, ఆ వాపసు వచ్చేదాకా ఇరుక్కునేది మన పైసలే.

"దానికీ మార్గముంది, బిల్ టు ఒకరు, షిప్ టు ఇంకొకరు అని రాస్తే సరి" అంటారు. ఆ మార్గం ఉంది. కానీ దాని లోపలికి దిగి చూసినవాళ్లు తక్కువ. కోదాడ సేటు ఆర్డరు మీద సరుకు నేరుగా జగ్గయ్యపేట పోతే, దాన్ని కోదాడ వాళ్లే అందుకున్నట్టు చట్టం భావిస్తుంది. మన బిల్లు కోదాడకు, పన్ను తెలంగాణ లెక్కన. ఆ తర్వాత కోదాడ నంబరు నుంచి జగ్గయ్యపేట నంబరుకు ఇంకో బిల్లు, ఐజీఎస్‌టీతో. అంటే ఇక్కడ కూడా అమ్మకాలు రెండు, బిల్లులు రెండు. ఒక్క బిల్లుతో పని తప్పించుకుందామని ఈ దారి పట్టినవాళ్లు ఆ రెండో బిల్లును సేటు గుమస్తా నెత్తిన పెడుతున్నారు. అది రాయాలన్న సంగతి అతనికి చెప్పేవాళ్లు కూడా చాలాసార్లు ఉండరు.

బస్తా సైజు ఇంకో తలనొప్పి. 2022 జులై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల దాకా 5 శాతం పన్ను కిందికి వచ్చింది. ఆ తర్వాతే కదా మన బజారు నిండా 26 కిలోల బస్తాలు వచ్చింది. సూర్యాపేట దుకాణం 25 కిలోలవి అడుగుతుంది, కోదాడ 26 అడుగుతుంది, హాస్టళ్లకు వేసే హుజూర్‌నగర్ 50 కిలోలవి అడుగుతుంది. ఒకదానికి పన్ను బిల్లు రాయాలి, మిగతా రెండింటికి పన్ను లేని సరఫరా బిల్లు రాయాలి. జీఎస్‌టీ నంబరున్న కొనుగోలుదారుకు ఇవి రెండూ ఒకే కాగితం మీద ఇవ్వడానికి నియమం ఒప్పుకోదు. మూడు ఊళ్లూ ఒకే బిల్లులో పడేసినప్పుడు ఏది దేనికిందికి పోయిందో ఆడిట్ నాడు ఎవరు విడదీయాలి?

పెద్ద కంపెనీలు ఒకే బిల్లు అడుగుతున్నాయి, మనం ఇవ్వకపోతే ఆర్డరు పోతుంది అనే భయం కూడా వింటున్నాను. నాకు తెలిసినంతలో పెద్ద సూపర్‌మార్కెట్లు చేసేది ఇది: వాళ్లకు వంద దుకాణాలున్నా, బియ్యం మన లారీ నుంచి పంపిణీ గోదాములో దింపించుకుంటారు. అక్కడి నుంచి దుకాణాలకు వాళ్లే తోలుకుంటారు. ముందు సరుకు ఒక్కచోటికి చేరింది, అందుకే బిల్లు ఒక్కటైంది. మనవాళ్లు సరుకును మూడు చోట్ల దింపి బిల్లును మాత్రం ఒక్కటి చేయమంటున్నారు. రెండూ ఒకటెలా అవుతాయి? పైగా ఆ గోదాముల్లో ఆర్డరు కాగితం, సరుకు అందిన రశీదు, బిల్లు మూడూ పక్కపక్కన పెట్టి సరిపోతేనే పైసలు వదులుతారు. ఒక్క బస్తా తేడా వచ్చినా బిల్లు ఆగుతుంది. వాళ్లను చూసి నేర్చుకోవాలంటే నేర్చుకోవలసింది ఆ సరిచూడటం.

అంతెందుకు, మన ఊళ్లోనే ఉదాహరణ ఉంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువకు 1967లో నీళ్లొదిలాక ఈ ఆయకట్టులో వరి పెరిగి, వరి వెంట మిల్లులు వచ్చాయి. ఆ మిల్లుల్లో చాలావాటికి అతి పెద్ద పార్టీ ప్రభుత్వమే. పౌరసరఫరాల సంస్థ ధాన్యమిస్తుంది, క్వింటాలుకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు తిరిగి అప్పజెప్పాలి. పార్టీ ఒక్కటే కదా అని ఏ గోదాముకు ఏది పోయినా సరేనని వదిలేస్తారా? ఏ గోదాములో ఏ లాట్ దింపారో, అందులో తేమ ఎంత, నూక ఎంత అని చూసి లాట్ వారీగానే తీసుకుంటారు. ఒక లాట్ బాగాలేదంటే ఆ లాటే వెనక్కొస్తుంది, మిగతావి నిలుస్తాయి. సర్కారు కాగితాల మీద మనకు ఎన్ని ఫిర్యాదులున్నా, ఈ ఒక్క పద్ధతి మిల్లరును ఎంత కాపాడుతుందో లాట్ తిరస్కరణ చూసినవాళ్లకు తెలుసు.

పైసల గడువు సంగతి ఇంతకంటే ముఖ్యం, దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ. చిన్న, సూక్ష్మ పరిశ్రమల కోసం 2006లో వచ్చిన చట్టం ప్రకారం, ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న మిల్లుకు కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. ఆ రోజుల లెక్క సరుకు అందిన తేదీ నుంచి మొదలవుతుంది. కొన్నవాడికి అభ్యంతరముంటే 15 రోజుల్లోగా రాసివ్వాలి, అప్పుడు అది తీరిన రోజు నుంచి లెక్క. గడువు దాటితే నెలనెలా చక్రవడ్డీ, బ్యాంకు రేటుకు మూడు రెట్లు. 2023-24 లెక్కల నుంచి ఆదాయపు పన్నులో కూడా కొన్నవాడికి చిక్కొచ్చింది. గడువు దాటినా కట్టని మొత్తాన్ని, కట్టిన ఏడాది వచ్చేదాకా ఖర్చు కింద చూపించుకోలేడు.

ఇంత బలమున్న చట్టాన్ని ఒక్క బిల్లు ఎలా నీరుగారుస్తుందో చూడండి. 3వ తేదీన హుజూర్‌నగర్‌కు, 12న కోదాడకు, 24న సూర్యాపేటకు పోయిన సరుకుకు 31న ఒక బిల్లు. అందిన తేదీలు మూడూ మాయమై, కొన్నవాడి చేతిలో 31 ఒక్కటే మిగులుతుంది. హుజూర్‌నగర్ సరుకుకు 28 రోజుల ఉద్దెర ఊరికే ఇచ్చేశాం. దాని మీద బ్యాంకు వాడికి వడ్డీ కడుతున్నది మనమే. కోదాడ బస్తాల మీద అభ్యంతరం రాసిస్తే, అదే బిల్లులో ఉన్న మిగతా రెండు ఊళ్ల సరుకూ దానితో కలిసి ఆగుతుంది. వేర్వేరు బిల్లులుంటే వివాదం కోదాడ గుమ్మం దాటదు. ఖర్మకాలి కోర్టుకు పోవలసి వచ్చినా, ఉద్దెర గడువు చెప్పుకోని అమ్మకంలో దావా వేయడానికి మూడేళ్లు లెక్కపెట్టేది సరుకు అందిన రోజు నుంచే. ఏ ఊళ్లో ఏ రోజు అందిందో చూపించలేని కాగితంతో వకీలు ముందు కూర్చుంటే ఆయన అడిగే మొదటి ప్రశ్నకే మన దగ్గర జవాబుండదు.

కొన్నవాడికైనా ఒక్క బిల్లు మేలు చేస్తుందా? ఏ దుకాణం ఎంత సరుకు తిన్నది, ఏ దుకాణంలో అమ్మకానికీ రాకకూ పొంతన కుదరడం లేదు, ఇవన్నీ ఆయనకు తెలియాల్సిన విషయాలు. బిల్లులు ఊరివారీగా ఉంటే నెలాఖరున మూడు కట్టలు కడితే చాలు. కలిపేస్తే ఆయన మన చీటీల మీదా, డ్రైవర్ జ్ఞాపకం మీదా ఆధారపడాలి. హుజూర్‌నగర్‌లో మూడు బస్తాలు నెలల తరబడి ఎక్కువ ఉన్నా ఆయనకు తెలియలేదంటే కారణం ఇదే.

చివరికి అందరూ నమ్మకం దగ్గరికి వస్తారు. ఇరవై ఏళ్ల పార్టీని ఊరికో బిల్లు మీద ఊరికో సంతకం అడిగితే అనుమానించినట్టు కాదా, మనసు నొచ్చుకోదా అంటారు. ఈ మాట నన్ను చాలా రోజులు ఆపింది. ఇప్పుడు ఆపదు. మా ఇద్దరి మధ్య నమ్మకం ఉందనే ఆ రోజు ఒక్క బిల్లు కొట్టాను. లెక్క తప్పినప్పుడు ఆ నమ్మకం సేటునూ ఏమీ చేయలేదు, మిల్లునూ ఏమీ చేయలేదు. ఇద్దరూ ఒకరినొకరు అనుమానించలేక, ఆ అనుమానాన్ని మూడోవాడి మీదికి తోశారు. దారిలో దింపుకున్నాడేమో అన్నారు. బస్తాలు మోసిన హమాలీలను అడిగారు. కాగితం లేనిచోట నమ్మకం పెద్దవాళ్ల మధ్యే మిగులుతుంది, చిన్నవాళ్లు దొంగలవుతారు. ఊరికో బిల్లు, ఊరికో సంతకం అడగడం డ్రైవర్ కోసం, హమాలీ కోసం, దుకాణంలో బస్తాలు దింపించుకునే కుర్రాడి కోసం. అందులో సేటును అవమానించేది ఏముంది?

పని ఎక్కువవుతుందన్న వాదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. ట్యాలీలో కొన్నవాడి పేరు ఒక గడి, సరుకు చేరే చోటు ఇంకో గడి ఎప్పటినుంచో ఉన్నాయి. ఒక ఖాతా కింద ఎన్ని చిరునామాలైనా ఎక్కించుకోవచ్చు. బిల్లు నంబర్లు 16 అక్షరాలకు మించకుండా, ఒకటి కంటే ఎక్కువ వరుసల్లో నడుపుకోవడానికి నియమమే అనుమతిస్తుంది. సూర్యాపేటకో వరుస, కోదాడకో వరుస పెట్టుకుంటే వెతుక్కునే పని కూడా తగ్గుతుంది. రెండు అదనపు బిల్లులకు నాకు పట్టేది అయిదు నిమిషాలు. ఆ 52 రోజుల్లో ఆ మూడు బస్తాల గురించి మాట్లాడిన ఫోన్లకు పట్టిన సమయం నేను లెక్క కట్టలేదు.

ఇప్పుడు లారీ కదిలే ముందు డ్రైవర్‌కు ప్లాస్టిక్ కవర్‌లో మూడు సెట్లు విడివిడిగా పెట్టిస్తాను. ఏ ఊరి బిల్లుకు ఆ ఊరి కాటా చీటీ పిన్ను చేసి ఉంటుంది. "ఎక్కడి కాగితం అక్కడే సంతకం పెట్టించు అన్నా, దింపే ముందే చూపించు" అని చెబుతాను. మొన్న కోదాడ బిల్లు మీద 80 కొట్టేసి 78 అని సంతకం పెట్టి వచ్చింది. ఎక్కించిన హమాలీ మేస్త్రిని పిలిచి అడిగితే, ఆ లోడులో రెండు బస్తాలు చినిగి మిల్లులోనే పక్కన పెట్టామని, చెప్పడం మరిచిపోయామని అన్నాడు. పోయి చూస్తే కుట్టు మిషన్ పక్కన గోడకు ఆనించి ఉన్నాయి. ఆ సాయంత్రమే రెండు బస్తాలకు క్రెడిట్ నోట్ రాశాను. హుజూర్‌నగర్, సూర్యాపేట బిల్లుల పైసలు గురువారం పడ్డాయి, కోదాడవి శనివారం.